కొల్లేటి చుట్టు

తాడేపల్లిగూడెం బ్రాంచి నుంచి ఏలూరు వర్క్‌షాపుకు నన్ను వర్క్స్ మేనేజరుగా బదిలీ చేసింది నేను రిటైరవడానికి సరిగ్గా మూడేళ్ళ ముందు. జూన్ మొదటి సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు ఛార్జి తీసుకున్నాను. తొమ్మిదింటికల్లా అక్కడి మెకానిక్కులందరితో పేచీ పెట్టుకున్నాను. పేచీ ఒక అర చుట్టు గురించి.

కార్ల వర్క్‌షాపు సంగతి తెలియనివారి కోసం కాస్త చెబుతాను. ఇంజన్‌లో ప్రతి బోల్టుకూ ఇంత బిగువు అని కంపెనీ పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ బిగువును కొలిచే పానాను టార్క్ రెంచి అంటాం. కావలసిన అంకె దాని పిడి మీద ముందే పెట్టుకుని తిప్పితే, అంత బిగువు రాగానే చేతికి తెలిసేలా 'టిక్' మంటుంది. అక్కడ ఆగాలి. పుస్తకం చెప్పేది అంతే.

ఏలూరులో మాత్రం ఎవరూ అక్కడ ఆగేవారు కారు. టిక్ మన్నాక రెంచి పక్కన పెట్టి, మామూలు పానా తీసుకుని, ఊపిరి బిగబట్టి ఇంకో అర చుట్టు వేసేవారు. దాని పేరు కొల్లేటి చుట్టు. ఏలూరు నుంచి కైకలూరు మీదుగా వెళ్ళే ఏ బండయినా కొల్లేరు మధ్యలోంచి పోవాలి. చేపల లారీలు తొక్కీ తొక్కీ ఆ రోడ్డును ఏ గతి పట్టించాయో అటు తిరిగేవాళ్ళకు చెప్పనక్కరలేదు. ఆ కుదుపులకు నట్లు వదులైపోతాయని వెనకటి జీపుల కాలంలో ఎవరో మొదలుపెట్టిన ఆచారమది. జీపు ఇంజన్ పోత ఇనుము, కాబట్టి ఎంత బిగించినా ఓర్చుకునేది. ఇప్పటి ఇంజన్ పైభాగమంతా అల్యూమినియం. దానికి ఓర్పు లేదు. బోల్టు కరుచుకునే లోపలి మర తెగి ఊరుకుంటుంది. అయినా బండి దిగిన ప్రతివారూ కౌంటరు దగ్గర అడిగే మొదటి మాట, "కొల్లేటి చుట్టు వేయించారాండీ?"

వచ్చిన వారంలోనే గోడకు బోర్డు కొట్టించాను. 'టిక్ మన్న తర్వాత తిప్పుట నేరము. కొల్లేటి చుట్టు నిషేధము. తప్పు చేసినవారు సోమవారం మీటింగులో ఈ బోర్డు కింద నిలబడి దీనిని మూడుసార్లు పైకి చదవవలెను.' ఆ చివరి వాక్యం నా సొంత తెలివి. దాన్ని చూసుకుని నేను ఎంత మురిసిపోయానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఈ ఆచారానికి పెద్ద దిక్కు హెడ్ మెకానిక్ అబ్రహాం మేస్త్రి. దెందులూరు మనిషి. ముప్ఫై ఏళ్ళ సర్వీసు. ఇంజన్ మీద చెయ్యి వేసి, నాడి చూసే వైద్యుడిలా కళ్ళు మూసుకుని రోగం చెప్పగలడు. బోర్డు చూసి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి, "మీరు చెప్పారు కాబట్టి మానేస్తానండి. కొల్లేరుకి కూడా ఓ మాట చెప్పండి సార్" అని వెళ్ళిపోయాడు. మాట ప్రకారం మానేశాడు కూడా. కానీ అతను చాటుగా వేస్తూనే ఉంటాడని షాపులో అందరి నమ్మకం.

ఆ రోజుల్లో మా దగ్గర ఫోర్‌మన్ ఉద్యోగం ఖాళీగా ఉంది. మెకానిక్కుల మీద హెడ్ మెకానిక్, అతని మీద ఫోర్‌మన్, ఆపైన నేను. షాపు ఫ్లోరు మీద కుర్చీలో కూర్చునే హక్కు ఒక్క ఫోర్‌మన్‌కే ఉంటుంది. మిగిలినవారు బండి కిందైనా పడుకోవాలి, లేదంటే నిలబడే ఉండాలి. అబ్రహాం మేస్త్రికి ముప్ఫై ఏళ్ళుగా ఆ కుర్చీ మీద కన్ను. వయసు యాభై ఆరు, మోకాళ్ళ నొప్పులు. ఈసారి తప్పితే ఇక రాదు. అతని పేరు నేనే సిఫారసు చేశాను. విజయవాడ నుంచి సర్వీస్ ఆడిటర్ వచ్చి, అతని పేరు మీద ఆ మధ్య 'రిపీట్' ఏదీ లేదని చూసి సంతకం పెడితే చాలు. ఒకే ఫిర్యాదుతో బండి వారం లోపల తిరిగొస్తే దాన్ని మా భాషలో రిపీట్ అంటారు. ఆడిటర్ రాక బుధవారం. ఇంట్లో వాళ్ళావిడ మరియమ్మ గారు ఆ కుర్చీకి అప్పుడే నీలం గుడ్డతో దిండు కూడా కుట్టేశారని షాపులో అందరూ చెప్పుకుని నవ్వుకున్నారు.

అదిగో, ఆ బుధవారానికి ముందు వచ్చిన ఆదివారం నాడు నా బుద్ధి గడ్డి తింది.

ఆదివారాలు షాపు సగమే తెరుస్తాం. కౌంటరులో ఒకమ్మాయి, గేటు దగ్గర వాచ్‌మన్, నేను. పది గంటలకు రాజ్యలక్ష్మి గారు వచ్చారు. ముదినేపల్లి వైపు ఒక హైస్కూలుకు హెడ్మాస్టరు. కారు ఆవిడే నడుపుతారు. బండి ఇంజన్ పైమూత అంచు నుంచి నూనె చెమ్మగిల్లుతోంది. మూత కింద రబ్బరు గాస్కెట్ మార్చాలి. నలభై నిమిషాల పని. సోమవారం బడికి ఇన్‌స్పెక్షన్ ఉందట, బండి ఉంచి వెళ్ళడం కుదరదట. అబ్రహాం మేస్త్రి చర్చిలో ఉన్నాడు. అక్కడ పాటల జట్టుకి అతనే పెద్ద, పన్నెండున్నర దాకా ఫోను తీయడు.

అప్పుడు నాకో దుర్బుద్ధి పుట్టింది. నేనూ ఒకప్పుడు గూడెంలో జీపుల కింద పడుకుని పని నేర్చుకున్నవాణ్ణే కదా, ఈ మాత్రం చెయ్యలేనా? ఎనిమిదేళ్ళుగా పానా ముట్టలేదన్న సంగతి గుర్తు రాలేదు. "ఒక్క అరగంట కూర్చోండి మేడమ్, చేయిస్తాను" అన్నాను. ఆవిడ అద్దాల గదిలోకి వెళుతూ వెనక్కి తిరిగి, "చూడండీ, కొల్లేటి చుట్టు మాత్రం మర్చిపోవద్దని మీ వాళ్ళతో చెప్పండీ" అన్నారు. ఆ గదిలోంచి లోపలి షాపు కనపడదు.

మూత తీశాను. గాస్కెట్ మార్చాను. మూత పెట్టి బోల్టులు ఒక్కొక్కటే టార్క్ రెంచితో బిగించుకుంటూ వచ్చాను. అన్నీ చక్కగా టిక్ మన్నాయి. చివరి బోల్టు దగ్గర ఏమయిందో ఇప్పటికీ చెప్పలేను. హెడ్మాస్టరమ్మ గారి మాట చెవిలో ఉందో, చిన్నప్పటి జీపుల అలవాటు చేతిలో ఉందో, టిక్ మన్నాక నా చెయ్యి దానంతటదే మామూలు పానా అందుకుంది. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. అర చుట్టు వేశాను.

పావు చుట్టు గట్టిగా తిరిగింది. ఆ తర్వాత పానాకు బరువే లేదు, వెన్నముద్దలో వేలు దిగినట్టు దిగిపోయింది. మర తెగినప్పుడు అలాగే ఉంటుంది. బోల్టు పైకి తీసి చూస్తే దాని గాట్లలో తెల్లటి అల్యూమినియం పోగు చుట్టుకుని వచ్చింది. ఎదురుగా నా బోర్డు.

న్యాయంగా అయితే ఆ క్షణాన బండి ఆపేసి, అమ్మగారితో నిజం చెప్పి, వేరే కారిచ్చి పంపాలి. నేను ఆఫీసు గదిలోకి వెళ్ళి సొరుగు తెరిచాను. మంచినీళ్ళ ఫిల్టరుకు చుట్టే తెల్ల టేపు అందులో ఉంది. బోల్టుకు నాలుగు పొరలు చుట్టి, పైన సీలు పేస్టు రాసి, బొటనవేలితో నొక్కి కూర్చోబెట్టాను. మంగళవారం సాయంత్రం ఆవిణ్ణి మళ్ళీ పిలిచి, ఏదో వంకతో ఎవరికీ తెలియకుండా బాగుచేయించాలని నా ఎత్తు.

ఇంకొక ఘనకార్యం మిగిలింది. పని చేసిన మెకానిక్ నంబరు వేస్తేగాని కంప్యూటరులో జాబ్ కార్డు పూర్తవదు. మేనేజరు నంబరు అక్కడ ఒప్పుకోదు. కౌంటరులో అమ్మాయి 'ఎవరిది వెయ్యమంటారు సార్' అని అడిగితే అలవాటుగా నోటికొచ్చిన నంబరు పధ్నాలుగు. అది అబ్రహాం మేస్త్రిది. రేపు చెప్పి మార్పిద్దాంలే అనుకున్నాను.

రాజ్యలక్ష్మి గారు తాళాలు తీసుకుంటూ అడిగారు, "కొల్లేటి చుట్టు పడిందాండీ?"

"పడిందండి" అన్నాను. ఆ రోజు నేనాడిన నిజం అదొక్కటే.

సోమవారం తొమ్మిదిన్నరకు ఫోను. కొల్లేరు మధ్యలో బండి బానెట్ కింద నుంచి పొగ. వదులైన బోల్టు దగ్గర నూనె కారి, కాలుతున్న సైలెన్సర్ గొట్టం మీద పడింది. పదకొండింటికి చేపల ట్రేలు వేసుకొచ్చే వ్యానుకు బండిని తాడుతో కట్టించుకుని రాజ్యలక్ష్మి గారు షాపులోకి దిగారు. ఆవిడతో పాటు చేపల వాసన కూడా దిగింది. "ఇన్‌స్పెక్షన్ వాళ్ళు నాకంటే ముందు బడికి చేరారండీ! నేను బిగించమన్నాను గానీ బద్దలు కొట్టమన్నానా? ఎవరండీ ఆ మహానుభావుడు? పిలవండి, గోడకుర్చీ వేయిస్తాను" అని కౌంటరు అదిరేలా అడిగారు.

జాబ్ కార్డు తెరిచారు. పధ్నాలుగు. షాపంతా తిరిగి అబ్రహాం మేస్త్రి వైపు చూసింది. 'అనుకున్నాం లే, మానలేదు' అన్న చూపు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అది రిపీట్. పేరు అతనిది. ఆడిటర్ ఎల్లుండి వస్తాడు.

అతను కార్డు చూశాడు, నన్ను చూశాడు. "నా నంబరేనాండీ?" అన్నాడు. "అదీ... సిస్టమ్‌లో..." అంటూ నేను నసిగాను. ఆదివారం చర్చిలో ఉన్నానని అతను అందరి ముందూ అరవొచ్చు. అరవలేదు. "అలాగాండీ. మీరు కూడా ఓసారి రండి సార్. మర ఎవరు తెంపారో పెద్దవారు దగ్గరుండి చూడాలి కదండీ" అని చాలా వినయంగా పిలిచాడు. చేతికి దీపం ఇచ్చి పట్టుకోమన్నాడు. మిగిలినవాళ్ళను పక్క బండ్ల మీదికి తోలేశాడు.

బోల్టు తీశాడు. దాన్ని చుట్టుకుని ఉన్న తెల్ల టేపును చిన్న పట్టకారుతో జాగ్రత్తగా విప్పి, వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, కాగితంలో మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత మొదలైంది నాకు శిక్ష. గంటన్నర సాగింది.

తెగిన మరను బాగుచేసే పద్ధతి ఇది. పాత రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, అందులో కొత్త మర కోసి, ఆ మరలో స్టీలు తీగతో చేసిన చిన్న స్ప్రింగును కూర్చోబెడతారు. స్ప్రింగు లోపలి వైపు పాత బోల్టుకు సరిపోయే మరగా ఉంటుంది. సరిగ్గా చేస్తే ముందుకన్నా గట్టిగా నిలుస్తుంది. తప్పు చేస్తే ఇంజన్ పైభాగమంతా మార్చాల్సి వస్తుంది.

"ముందు గుడ్డలు కుక్కాలండి. రజను ఒక్క నలుసు లోపల పడినా ఇంజన్ పోతుందండి" అంటూ అబ్రహాం మేస్త్రి ప్రతి సందునూ శుభ్రమైన గుడ్డతో మూశాడు. "ఇది చేసినవాడు ఎవడో గానీ సార్, వాడికి పానా ఇచ్చినవాణ్ణి అనాలండి. గరిటె తిప్పుకోవలసిన చెయ్యండి అది."

"అవునవును" అన్నాను.

డ్రిల్లు ముక్కుకు గ్రీజు పూశాడు, రజను దానికే అంటుకుంటుందని. ఎంత లోతు దిగాలో గుర్తుగా ముక్కుకు టేపు ముక్క చుట్టాలి. "సార్, మీ సొరుగులో తెల్ల టేపు ఉంటుంది కదండీ, కొంచెం ఇప్పిస్తారాండీ?" అని అడిగాడు. వెళ్ళి తెచ్చాను. కంగారులో, అలవాటు కొద్దీ, కత్తెర కూడా తెచ్చి నాలుగు అంగుళాలు కత్తిరించి ఇచ్చాను. అతను ఆ ముక్క అంచు చూశాడు. మీసం కొంచెం కదిలింది.

రంధ్రం వేశాక కొత్త మర కోయడం. ట్యాప్ అనే పనిముట్టును నిటారుగా నిలిపి, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి, మళ్ళీ ముందుకు తిప్పాలి. ముందుకే తోస్తే ట్యాప్ లోపలే విరుగుతుంది. "చూశారాండీ, ఇక్కడ తొందరపడకూడదండి. కానీ లోకంలో కొందరుంటారండి. పదిమందికి నీతులు చెప్పి, గోడల మీద రాయించి, ఎవరూ లేనప్పుడు వాళ్ళే ఆ పని చేస్తారండి. అలాంటివాళ్ళు మన షాపులో లేరనుకోండి" అన్నాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను వెంటనే "మన షాపులో అలాంటివాళ్ళెందుకుంటారు!" అన్నాను. "వెలుగు కదులుతోందండి" అన్నాడు అబ్రహాం మేస్త్రి.

స్ప్రింగును దాని పనిముట్టుకు తొడిగి మెల్లగా తిప్పుతూ దించాడు. పై అంచుకు అర చుట్టు లోతున ఆపాడు. స్ప్రింగు అడుగున అడ్డంగా చిన్న కొక్కెం ఉంటుంది, తిప్పడానికి పట్టు కోసం. పనయ్యాక దాన్ని విరిచి బయటకు తీసెయ్యాలి. అది అయస్కాంతానికి అంటని రకం స్టీలు. పుల్లకు గ్రీజు అద్ది, దాంతో అంటించి పైకి తీశాడు. బియ్యపు గింజలో సగముంది. దాన్ని నా అరచేతిలో పెట్టి, "ఇది దాచుకోండి సార్" అన్నాడు. జేబులోని కళ్ళజోడు పెట్టెలో వేసుకున్నాను.

గుడ్డలు తీసి, మూత పెట్టి, బోల్టులన్నీ బిగించాడు. చివరిది, స్ప్రింగు వేసినది మిగిల్చి, టార్క్ రెంచి నా చేతికిచ్చాడు. "ఇది మీరు వెయ్యండి."

తిప్పాను. టిక్ మంది. ఆగాను. అతను మామూలు పానా తీసి, రెండు చేతులతో, తాంబూలం ఇచ్చినంత మర్యాదగా నా ముందుకు చాపాడు. "ఇంకో అర చుట్టు వెయ్యరాండీ? కొల్లేరు రోడ్డు కదండీ."

ఇక నావల్ల కాలేదు. "అబ్రహాం గారూ, నిన్న ఆ మర తెంపింది నేనేనండి. టేపు చుట్టింది నేనే. మీ నంబరు వేసిందీ నేనే" అన్నాను.

అతను గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "అయ్యయ్యో! మీరాండీ! తెలియక ఎన్నేసి మాటలన్నానండి!" అని నోరు నొక్కుకున్నాడు. ఆ కళ్ళల్లో తెలియనితనం ఆవగింజంత కూడా లేదు. జేబులోంచి కాగితం తీసి పాత టేపు పరిచాడు. దాని పక్కన నేను ఇందాక కత్తిరించి ఇచ్చిన ముక్క పెట్టాడు. రెండింటి అంచులూ గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి. "మనవాళ్ళు టేపును పళ్ళతో తెంపుతారండి. అంచు పీలికలు పీలికలుగా ఉంటుందండి. ఈ షాపు మొత్తానికి కత్తెర ఉన్నది మీ బల్ల మీదొక్కటేనండి."

మరి పొద్దున్నే ఎందుకు చెప్పలేదని అడిగాను. అతను చేతులు తుడుచుకుంటూ, ఈసారి నవ్వకుండా చెప్పాడు. "నేను చెబితే కుర్చీ కోసం చెప్పినట్టుంటుందండి. మీరు చెబితే జరిగింది చెప్పినట్టుంటుందండి. కానీ బుధవారం దాకా ఆగేవాణ్ణి కాదులెండి. ఇంటి దగ్గర దిండు ఉంది కదండీ."

మధ్యాహ్నమే జాబ్ కార్డు సవరణకు రాతపూర్వకంగా పెట్టాను. పని చేసినది వర్క్స్ మేనేజరు అనీ, బిగువు మించి తిప్పడం వల్ల మర తెగిందనీ, హెడ్ మెకానిక్ ఆ సమయంలో షాపులో లేడనీ రాసి సంతకం చేశాను. తర్వాత రాజ్యలక్ష్మి గారి దగ్గరకు వెళ్ళి నేనే ఆ మహానుభావుణ్ణని చెప్పుకున్నాను. ఆవిడ కళ్ళజోడు పైనుంచి నన్ను పాదం నుంచి తల దాకా చూసి, గోడకుర్చీకి వయసు మించిపోయిందని వదిలేశారు. తాళాలు అందుకుంటూ అబ్రహాం మేస్త్రిని అడిగారు, "కొల్లేటి చుట్టు వేశారాండీ?" అతను తడుముకోకుండా, "లోపల స్టీలు తీగతోనే బోలెడన్ని చుట్లు వేశామండి. ఇంకేం కావాలండి!" అన్నాడు. ఆవిడ తృప్తిగా వెళ్ళిపోయారు. ఆ బండి మళ్ళీ నూనె కారలేదు.

బుధవారం ఆడిటర్ వచ్చాడు. నా కాగితం రెండుసార్లు చదివాడు. ఇరవై ఏళ్ళ ఆడిటింగులో మేనేజరు పేరు మీద రిపీట్ చూడడం ఇదే మొదలన్నాడు. అబ్రహాం మేస్త్రి కాగితం మీద సంతకం పడింది. నా ఫైల్లో ఒక ఎర్ర గీత పడింది. ఆ ఏడాది మా షాపుకు రావలసిన ఉత్తమ వర్క్‌షాపు షీల్డు రాజమండ్రి వాళ్ళకు పోయింది.

తర్వాతి సోమవారం మీటింగు నాటికి ఫోర్‌మన్ కుర్చీ మీద నీలం దిండు వెలిసింది. అబ్రహాం మేస్త్రి దాని మీద సర్దుకుని కూర్చుని, నాకేసి చూశాడు. రూలు నేను పెట్టిందే. వెళ్ళి బోర్డు కింద నిలబడ్డాను. 'టిక్ మన్న తర్వాత తిప్పుట నేరము' అని మొదలుపెట్టాను. రెండోసారి కూడా చదివాను. మూడోసారి గొంతు కాస్త తగ్గించి గబగబా లాగించేశాను.

"చివర్న వినపడలేదండి" అన్నాడు కొత్త ఫోర్‌మన్, కుర్చీలోంచి లేవకుండా. నాలుగోసారి చదివాను.

ఈ వ్యవహారం వల్ల నాకు తెలిసింది ఇంతే. బోర్డు కొట్టించినవాడి చేతికి కూడా అల్యూమినియం మినహాయింపు ఇవ్వదు, టిక్ మన్నచోట ఆగవలసిందే. పని ఎవరు చేస్తే కార్డు మీద వాళ్ళ నంబరే ఉండాలి. కంప్యూటరు ఒప్పుకోకపోతే ఒప్పుకునేదాకా కార్డు తెరిచే ఉంచాలి గాని పక్కవాడి నంబరు అరువు తెచ్చుకోకూడదు. ఆ స్టీలు కొక్కెం ఇప్పటికీ నా కళ్ళజోడు పెట్టెలో ఉంది. ఇంట్లో టేపు అవసరమైనప్పుడు కత్తెర ఎదురుగా ఉన్నా పళ్ళతోనే తెంపుతున్నాను. అది మాత్రం మంచి లక్షణం కాదని మా ఆవిడ అంటుంది.